మూఢంలో పుట్టిన మూడుగీరల వీరుడు

ఆ రోజుల్లో పెళ్ళీడు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ మంచి ముహూర్తం కోసం పంచాంగం తిరగేస్తుంటే, మూఢం ఎప్పుడొస్తుందా అని తిరగేసిన ఆడపిల్లను వరంగల్ మొత్తంలో నేనొక్కదాన్నేనేమో. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా పోయి కనిపించకుండా పోతే దాన్ని మూఢం అంటారు. అప్పుడు పెళ్ళి చెయ్యరు, కొత్తింట్లో పాలు పొంగించరు, పిల్లకు చెవులు కూడా కుట్టించరు. లోకమంతా అవి ఎప్పుడు పోతాయా అని చూసే ఆ రోజులే నాకు పండగ. నా చేతిలో పంచాంగం చూసి మా అమ్మ, పిల్లకు పెళ్ళి మీద ధ్యాస కుదిరిందని మురిసిపోయి మా మేనత్తకు కబురు కూడా పంపింది. (మేనత్త కొన్నేళ్ళకు ఒక సంబంధం పట్టుకొచ్చింది కూడా. ఆ సంబంధం ఇప్పుడు పక్కగదిలో పేపరు చదువుకుంటున్నాడు కాబట్టి కొంచెం గొంతు తగ్గించి చెబుతాను.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతో పాటు ఇంకోటి కూడా వస్తుంది, దానికి ఇన్నేళ్ళయినా నేను సరైన పేరు పెట్టలేకపోయాను.

నేను డిగ్రీలో ఒక్క సబ్జెక్టు తప్పాను. మళ్ళీ రాసేదాకా ఇంట్లో ఉంటే తిని పడుకుంటానని మా నాన్నకు భయం పట్టుకుని, స్టేషన్ వెనక సందులో ఒక పెళ్ళికార్డుల ప్రెస్సులో డీటీపీ పనికి పెట్టాడు. ఓనరును అందరం కార్డుల సారు అనేవాళ్ళం. ఆయనకు కంప్యూటరంటే కొత్తల్లుడి మీద ఉన్నంత మర్యాద. దానికి దుమ్ము తగలకూడదని ప్రెస్సు లోపలే పైన ఒక అద్దాల గది కట్టించి, పద్నాలుగు ఇనుపమెట్లు నిటారుగా పెట్టించాడు. కింద అచ్చుమిషను, కాగితాల కట్టలు, సిరా డబ్బాలు, ఒక మూల బొమ్మలు గీసే బల్ల. పైన కంప్యూటరూ, దానికి కాపలాగా నేనూ. పైగదికీ కింది బల్లకూ మధ్య రాకపోకలకు కార్డుల సారు స్వయంగా కనిపెట్టిన ఏర్పాటు ఒక ప్లాస్టిక్ బకెట్టు, దానికో చేదతాడు. కింద గీసిన బొమ్మ బకెట్లో పైకొచ్చేది, నేను కొట్టిన అక్షరాలు బకెట్లో కిందికి దిగేవి. టీ కూడా అలాగే వచ్చేది, సగం ఒలికిపోయి.

కింది బల్ల దగ్గర కూర్చునే మనిషిని అందరూ బొమ్మలన్న అనేవాళ్ళు. వినాయకుడు, అరటిచెట్లు, పల్లకి, కొంగుముడి వేసుకున్న జంట, కార్డు మీద ఏది కావాలన్నా అతని చెయ్యే. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. చేతులతో తిప్పే మూడుగీరల బండి (చక్రాలను మా వైపు గీరలంటాం) మీద వచ్చి, బండిని తిన్నగా బల్ల దాకా తోలి, అందులోనే కూర్చుని సాయంత్రం దాకా పని చేసేవాడు. బండి తిప్పీ తిప్పీ అతని భుజాలు కుస్తీ వస్తాదు భుజాల్లా ఉండేవి. నేను పనిలో చేరిన మొదటిరోజు పొద్దున్నే పద్నాలుగు మెట్లెక్కి, పైనుంచి తల బయటపెట్టి, "అన్నా, బకెట్ దింపాల్నా?" అని అడిగాను. ఇరవై ఏళ్ళ పిల్ల ఇరవై ఏడేళ్ళ మనిషిని ఇంకేమని పిలుస్తుంది? ఆ పిలుపు ఎంత తొందరపాటో నాకు ఆర్నెల్లయితే గానీ తెలిసి రాలేదు. ఒకసారి అన్నా అన్నాక దాన్ని వెనక్కి తీసుకునే దారి మన దగ్గర లేదు. పెళ్ళికార్డులో పేరు తప్పు పడితే చిన్న చీటీ అంటించి దిద్దుకోవచ్చు, దీనికి ఆ వీలు కూడా లేదు. అతను మాత్రం నన్ను ఒక్కసారి కూడా "చెల్లె" అనలేదు. పైన కూర్చుంటానని "పైమేడం" అని ఆటపట్టించేవాడు. ఈ తేడా గమనించడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో చెబితే మీరు నవ్వుతారు.

నేను చేరాక వచ్చిన మొదటి మూఢంలో ప్రెస్సు మూగబోయింది. కార్డుల సారు మధ్యాహ్నం భోంచేసి కాగితాల కట్టల మీదే నడుం వాల్చేవాడు. నేను పైన గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. అప్పుడు పిలవకుండానే బకెట్ తాడు కదిలింది. లాగి చూస్తే అందులో ఒక కాగితం, నాలుగు గడులుగా గీసిన బొమ్మ. మూడుగీరల బండి మీద ఒక వీరుడు, ముఖానికి సగం దాకా ముసుగు, మెడ వెనక గాలికి ఎగురుతున్న ఎర్ర తువ్వాల. అతనికి ఎదురుగా కొండంత ఎత్తున మెట్లు. ఆ మెట్లకు కోరలున్నాయి, ఒక్కో మెట్టుకు ఒక్కో కన్ను ఉంది. మాటలు రాయాల్సిన బుడగలు మాత్రం ఖాళీ. కింద నుంచి గొంతు వినిపించింది.

"పైమేడం, జర మాటలు రాయరాదు. నాకు బొమ్మలొస్తయి గని మాటలు రావు."

నేను రాశాను. ఆ రాక్షసుడికి మెట్లాసురుడని పేరు పెట్టింది నేనే. (నీ జీవితంలో నువ్వు చేసిన గొప్ప పని ఏమిటని ఎవరైనా అడిగితే ఇదే చెబుదామని సిద్ధంగా ఉన్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.) ఊళ్ళో మంచివన్నీ ఎత్తు మీద పెట్టి వాటి ముందు మెట్లు మొలిపించడం మెట్లాసురుడి పని. పోస్టాఫీసు, బ్యాంకు, రేషన్ కార్డులిచ్చే ఆఫీసు, దవాఖాన, సినిమా హాలు, ఏదీ వదలడు. మన వీరుడు ఆ మెట్లు ఎక్కడు. ఎగరడు, దూకడు, ఎవరి వీపూ ఎక్కడు. కిందే బండి ఆపి, పైవాళ్ళు దిగొచ్చేదాకా వాళ్ళను కుదురుగా కూర్చోనివ్వడు. ఒక కథలో బండి గంట కొట్టీ కొట్టీ ఒక ఆఫీసరును ఫైలు చేతబట్టుకుని పరుగున కిందికి దిగేలా చేశాడు. ఇంకో కథలో మెట్లకు తాడు కట్టి, ఆ భుజాల బలంతో బ్యాంకును బ్యాంకులాగే గుంజి నేల మీద కూర్చోబెట్టాడు.

మొదటి కథ చివర నేను కొంచెం అతి తెలివికి పోయాను. ఒక సాధువు వచ్చి కమండలంలో నీళ్ళు చల్లితే వీరుడి కాళ్ళకు బలం వచ్చి లేచి నడిచినట్టు రాసి, ఎంతో గర్వంగా బకెట్ దింపాను. దింపినంత సేపు కూడా పట్టకుండా కాగితం పైకి తిరిగొచ్చింది, దాని మీద అడ్డంగా ఒక గీత. వంగి కిందికి చూస్తే ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వడం లేదు.

"ఒక్కటి యాదివెట్టుకో పైమేడం. వీడు బండి దిగడు. వీడు లేసి మెట్లెక్కిండంటే మెట్లాసురుడు గెలిచినట్టే."

నేను సరేనన్నాను. సరే అనడానికి ఏముంది, ఆ వయసులో నేను అన్నిటికీ సరే అనేదాన్ని.

అలా మూడుగీరల వీరుడు మూఢానికొక సంచిక చొప్పున అచ్చులోకి వచ్చాడు. మిషను ఊరికే పెడితే తుప్పు పడుతుందని చెప్పి అన్న కార్డుల సారును ఒప్పించాడు. ఆయన మిషను ఇచ్చాడు గానీ కొత్త కాగితం ఇవ్వనన్నాడు. పెళ్ళికార్డులు వేసేటప్పుడు రంగు కుదిరేదాకా మొదట కొన్ని కాగితాలు పాడవుతాయి. వాటి వెనకవైపు తెల్లగానే ఉంటుంది కదా, ఆ తెల్లవైపు మీ వీరుణ్ణి వేసుకోండి అన్నాడు. సిరా కూడా పెళ్ళిళ్ళకు వాడగా మిగిలిందే, పసుపూ ఎరుపూ. అందుకని మా పుస్తకంలో ఆకాశం పసుపు, చెట్లు పసుపు, మెట్లాసురుడి కళ్ళు ఎరుపు, వీరుడేమో నలుగు పెట్టి కూర్చోబెట్టిన పెళ్ళికొడుకులా ఉండేవాడు. ఒక పేజీలో వీరుడు కోర విరుస్తున్నాడని ఊపిరి బిగబట్టి పేజీ తిప్పితే, అక్కడ ఎవరిదో కనిష్ఠ పుత్రిక వివాహ మహోత్సవం. అయినా పిల్లలు చదివారు. బస్టాండులో పుస్తకాల కొట్టతను వీరుడొచ్చాడా అని అడిగి మరీ తీసుకునేవాడు.

రెండో సంచికతో ఒక గొడవ జరిగింది. దాన్ని మూఢం చివరి రోజుల్లో వేశాం. అప్పటికే తర్వాత రాబోయే ముహూర్తాల కార్డులు మొదలైపోయాయి కాబట్టి, మా పేజీల వెనక ఉన్న పెళ్ళి ఇంకా జరగలేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. హన్మకొండ వైపు నుంచి నలుగురు పిల్లలు తలంటు పోసుకుని, నున్నగా దువ్వుకుని, పుస్తకం చేతబట్టుకుని ఆ ఫంక్షన్ హాలుకు పోయి మొదటి పంక్తిలో కూర్చున్నారు. మిమ్మల్నెవరు పిలిచారని అడిగితే పుస్తకం తిప్పి చూపించారట. సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని అచ్చులో ఉంది మరి. మర్నాడు పెళ్ళికూతురి తండ్రి ప్రెస్సుకు వచ్చాడు. పైన నేనూ కింద అన్నా ఒకేసారి తలలు దించుకున్నాం. ఆయన కార్డుల సారు ఎదుట కూర్చుని మంచినీళ్ళు తాగి, తాపీగా అన్నాడు.

"పిలిచినోళ్ళల్ల సగం మంది రాలే. పిలవని పోరగాండ్లు నలుగురొచ్చి మంచిగ తిని, పప్పు మస్తుగుందని చెప్పి పోయిన్రు. ఆ బుక్కొకటి నాగ్గూడ ఇయ్యి."

ఆరు సంచికలు వచ్చాయి. ఉత్తరాలు కూడా వచ్చేవి. పాలంపేట నుంచి ఒక బడిపిల్ల, చంకలో కర్ర పెట్టుకుని నడిచే పిల్లట, మా బడికి అయిదు మెట్లున్నాయి, మీ వీరుణ్ణి ఒకసారి ఇటు పంపండి అని రాసింది. తర్వాతి సంచికలో వీరుడు పాలంపేట వెళ్ళాడు. ఆ ఉత్తరాన్ని అన్న బల్ల మీద గోడకు అంటించుకున్నాడు, పక్కన అతికించిన వినాయకుడి కంటే కొంచెం పైన. నాకు మాత్రం ఆ ఏళ్ళన్నీ మూఢాలుగానే గుర్తున్నాయి. మిషను చప్పుడు ఉండదు, కార్డుల సారు గురక ఒక్కటే ఉంటుంది, దాని మధ్యలో ఒక గొంతు కిందా ఒక గొంతు పైనా. మధ్యాహ్నం నేను పైనే అన్నం తినేదాన్ని, అతను బల్ల దగ్గరే తినేవాడు. మా అమ్మ చేసిన మామిడికాయ పచ్చడి బకెట్లో కిందికి పోయేది, వాళ్ళమ్మ చేసిన సకినాలు పైకి వచ్చేవి. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎన్నడూ లేను. ఆ సంతోషానికి కారణం కథలు రాయడమే అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఆరో సంచిక తర్వాత, చెల్లెలి పెళ్ళికి కార్డులు వేయించుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి సినిమాలు తీస్తానని తిరుగుతున్న మనిషి. అతన్ని నేను డైరెక్టర్ తమ్ముడు అంటాను. కార్డు నమూనాలు చూడమంటే వాటి కింద ఉన్న మా వీరుణ్ణి చూశాడు. నిలబడే ఆరు సంచికలూ చదివేసి, దీన్ని సినిమా తీద్దామన్నాడు. అన్న కుంచె కడిగి పక్కన పెట్టాడు. తర్వాత పైకి చూసి, "కథ సంగతి పైమేడం చూసుకుంటది. నాదొక్కటే షరతు, ఆమెకెరికే" అన్నాడు. ఆ షరతు నేనే కాగితం మీద నా చేతి రాతతో రాశాను. వీరుడు బండి దిగడు. కింద డైరెక్టర్ తమ్ముడితో సంతకం పెట్టించి, ఆ కాగితం నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ పూటంతా హైకోర్టు వకీలులా తిరిగాను.

సినిమాకు డబ్బులు పెట్టింది కేసముద్రం మార్కెట్లో పత్తి వ్యాపారం చేసే ఒక సేటు. ఆయన మేనల్లుడే హీరో. మేనల్లుడు హైదరాబాదులో రెండేళ్ళు డాన్సు నేర్చుకుని వచ్చాడు. మొదటిరోజు షూటింగులో మూడుగీరల బండి ఎక్కించగానే అది అతని మాట వినకుండా తిన్నగా పోయి రోడ్డు పక్క మోరీలో దిగింది. రెండోరోజు అరచేతుల్లో బొబ్బలొచ్చాయి. మూడోరోజు కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని దవాఖానకు పోయాడు. మెట్లాసురుణ్ణి ప్లైవుడ్డుతో చేయించారు, కోరలు బాగానే కుదిరాయి గానీ, మెట్లకు డైలాగులేమిటని సేటు దాన్ని తీసేయించి, నాలుగు తెల్లకార్లూ ఒక మీసాల గూండా పెట్టించాడు. ఇవన్నీ నేను పైనుంచి చెబుతుంటే అన్న కింద కడుపుబ్బ నవ్వేవాడు. వాళ్ళకు తెలిసిన రాక్షసుడు ఆ మీసాలవాడేనేమో పోనీ అన్నాడు. రోజూ చివర్లో మాత్రం ఒకే మాట అడిగేవాడు, బండి దిగుతలేడు కదా అని. లేదన్నా అనేదాన్ని. అప్పటికి అది నిజమే.

ఒకరోజు డైరెక్టర్ తమ్ముడు పద్నాలుగు మెట్లూ ఎక్కి అద్దాల గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, సేటు సతాయిస్తాండు. అల్లుడు ఆఖర్ల లేసి నడవకుంటే షూటింగ్ బంద్ అంటాండు. నువ్వు రాస్తవా, వేరేటోళ్ళతోని రాపిచ్చుకోవాల్నా?"

ఇక్కడ నేను సేటు మీదా మేనల్లుడి మీదా తప్పు నెట్టేసి తప్పించుకోవచ్చు. చాలా ఏళ్ళు అలాగే తప్పించుకున్నాను. తెర మీద నా పేరు పడుతుందన్న ఆశ కూడా ఉంది, కాదనను. కానీ అసలు నిజం అవేవీ కావు. రాయడానికి కూర్చున్నాక ఆ సీను నా చేతిలోంచి దానంతటదే వచ్చేసింది. వీరుడు కింద బండిలో ఉన్నాడు, పైమెట్టు మీద కథానాయిక ఏడుస్తూ నిలబడింది. అతను బండి పట్టుకుని లేచాడు. ఒక మెట్టు ఎక్కాడు, ఇంకో మెట్టు ఎక్కాడు, ఆమె దగ్గరికి నడిచి వచ్చాడు. రాస్తూ నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆరు సంచికల్లో ఎక్కడా అంత బాగా రాయలేదు. మెట్లు ఎన్ని పెట్టించాలక్కా అని డైరెక్టర్ తమ్ముడు అడిగితే, ఆలోచించకుండానే పద్నాలుగు అన్నాను.

అదే మధ్యాహ్నం బకెట్ తాడు కదిలింది. ఏడో సంచిక చివరి పేజీ వచ్చింది. కింద వీరుడు బండి ఆపుకుని పైకి చూస్తున్నాడు. పైమెట్టు మీద ఒక అమ్మాయి, ఒక కాలు కింది మెట్టు మీదికి సగం దించి ఉంది. ఆమె పక్కన పెద్ద బుడగ, ఖాళీగా. "పైమేడం, దీనికి తొందరేం లేదు. మాట నిదానంగ ఆలోచించి రాయి" అన్నాడు అన్న కింద నుంచి. నా చేతి కింద సినిమా కాగితాలున్నాయి. సరే అన్నా అని చెప్పి, ఆ పేజీ తీసి సొరుగులో, ఆ షరతు కాగితం పక్కనే పెట్టేశాను.

సినిమా రోజు అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండి గీరలకు నూనె పెట్టుకుని వచ్చాడు. హాలు ముందు తొమ్మిది మెట్లు. నలుగురు కుర్రాళ్ళు ఎత్తుకుంటామని ముందుకొస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. అతనికి ఆ హాలు కొత్త కాదు. ఆట అయ్యాక జనం బయటికి వచ్చే పక్కగేటు నేలకు సమానంగా ఉంటుంది. ఎప్పుడూ ఆ గేటులోంచే లోపలికి పోయి, తలుపు వారగా బండి ఆపుకుని చూసేవాడట. నేను బండి పక్కన నిలబడ్డాను. నాలుగేళ్ళలో అతని పక్కన అంత దగ్గరగా, ఒకే నేల మీద అంతసేపు నిలబడడం అదే మొదటిసారి. తెర మీద మా పేర్లు పడ్డాయి. అతను నా వైపు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు, పల్లీల పొట్లం చేతికిచ్చాను.

చివరి సీను వచ్చింది. మేనల్లుడు లేచాడు. హాలంతా ఈలలు. పద్నాలుగు మెట్లూ ఎక్కి, ఎక్కిన వెంటనే డాన్సు కూడా చేశాడు. అన్న పల్లీలు నమలడం ఆపాడు. పాట అయిపోయేదాకా తెర వైపే చూశాడు.

"ఇదెవ్వలు రాసిన్రు?"

"నేనే అన్నా" అన్నాను.

అతను కోప్పడి ఉంటే నా దగ్గర సేటున్నాడు, మేనల్లుడున్నాడు, ఆగిపోయే షూటింగుంది, చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. అతను కోప్పడలేదు. బండి పిడి మీద చెయ్యి పెట్టుకుని, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"నీ మనసుల నేనెప్పుడు నడుసుకుంటనే వస్తనా?"

నేను తెర వైపు తిరిగిపోయాను. ఎందుకంటే అవును. మా వీధి మలుపులో, మా వాకిట్లో, మా నాన్న ఎదుట, నా ఊహల్లో అతను ఎన్నిసార్లు వచ్చాడో అన్నిసార్లూ నడుచుకుంటూనే వచ్చాడు. అతన్ని బండితో సహా నేను ఒక్కసారి కూడా ఇంటికి తెచ్చుకోలేదు. దీపాలు వెలిగాయి, జనం మా గేటులోంచే బయటికి తోసుకొచ్చారు, ఆ గోలలో అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సినిమా వారం ఆడి వెళ్ళిపోయింది. పాలంపేట నుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు. అన్న మామూలుగానే ప్రెస్సుకు వచ్చాడు, వినాయకుళ్ళను గీశాడు, బకెట్లో టీ పంపాడు. పైమేడం అనడం మాత్రం మానేసి, మేడం అన్నాడు. తర్వాత మూఢం వచ్చింది. నేను పాడైన కాగితాలు తెల్లవైపు పైకి వచ్చేలా పేర్చి, రోజూ తాడు వైపు చూస్తూ కూర్చున్నాను. మూఢం అయిపోయింది. ఆ ఏడే మేనత్త సంబంధం తెచ్చింది. నా పెళ్ళికార్డు అన్నే గీశాడు. మామిడాకుల తోరణం, పక్కన చక్కటి వినాయకుడు, ఒక్క తప్పు లేదు. చీటీ అంటించి దిద్దడానికి కూడా ఏమీ మిగల్చలేదు. ఆ తర్వాత వాళ్ళక్క ఊరికి, కేసముద్రం వెళ్ళి బోర్డులు రాసే కొట్టు పెట్టుకున్నాడని తెలిసింది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, భార్య బడిపంతులమ్మ. కొత్తగా ఇల్లు కట్టుకున్నారని, ఆ ఇంటికి ఒక్క మెట్టు కూడా లేదని కార్డుల సారే చెప్పాడు.

ఇప్పుడు కార్డులు వేయించేవాళ్ళు తక్కువ. నేను ఇంట్లో కూర్చునే ఫోన్లలో పంపుకునే పెళ్ళి వీడియోలు తయారు చేస్తాను. మొన్న మూఢం వచ్చి పని లేక పాత సంచీ దులిపితే ఆ ఏడో సంచిక పేజీ బయటపడింది. ప్రెస్సు మానేసిన రోజు సొరుగు ఖాళీ చేసి తెచ్చుకున్న కాగితాల్లో ఉండిపోయింది. బల్ల మీద పెట్టుకుని చూస్తుంటే మా ఆయన టీ కప్పుతో వచ్చి నా భుజం మీదుగా వంగాడు.

"ఇది నువ్వే గదా?" అన్నాడు పైమెట్టు మీది అమ్మాయిని చూపించి.

నేనెందుకవుతానన్నాను.

"ఆ ముక్కు సూడు. ఇంకెవలకుంటదది?" అని నవ్వుకుంటూ, తన పేపరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇరవై ఏళ్ళ కిందట సొరుగు తెరిచిన ప్రతిసారీ ఆ పేజీని చూసేదాన్ని. వీరుడినే చూశాను, అమ్మాయిని చూడలేదు. నా ముక్కే. చేతిలో ఒక చిన్న బకెట్ కూడా ఉంది. కింది మెట్టు మీదికి సగం దించిన ఆ కాలు, నేను ఇంటికి దిగేటప్పుడు ముందు పెట్టే ఎడమకాలు. అతని కథలన్నిటిలోనూ జరిగేది ఒక్కటే, వీరుడు కింద ఆగుతాడు, పైనున్నవాళ్ళు దిగొస్తారు. ఆరు సంచికలకు మాటలు రాసిన మనిషిని, ఆ ఒక్కటి నాకే అర్థం కాలేదు. అతన్ని ఎక్కించడానికి సాధువునూ కమండలాన్నీ సినిమానూ తెచ్చాను. దిగి వచ్చి ఆ బల్ల ముందు స్టూలు వేసుకుని కూర్చుని పచ్చడి కలుపుకుని అన్నం తింటే సరిపోయేది. పద్నాలుగు మెట్లు, ఆ వయసులో పరుగెత్తుకుంటూ దిగేదాన్ని.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పులొచ్చి మా బ్యాంకు మెట్ల ముందు నేనే నిలబడిపోతున్నాను. పైన అద్దాల గదిలో గోళ్ళు కొరుక్కుంటూ తాడు కదలడం కోసం కూర్చున్న ఆ పిల్లను తలుచుకుంటే, ఒసే, లేచి దిగవే అని చెప్పాలనిపిస్తుంది. ఆమెకు వినపడదు, అద్దాలు వేసి ఉంటాయి. అయినా ఆ బుడగ ఇన్నేళ్ళు ఖాళీగా ఉండడం నాకు నచ్చలేదు. నిదానంగా ఆలోచించి రాయమన్నాడు కదా, ఇంతకంటే నిదానం ఏముంటుందని పెన్సిల్ తీసుకున్నాను. అలవాటు కొద్దీ మొదట "అన్నా" అని రాసేశాను. నవ్వొచ్చింది. రబ్బరు వెతికి తెచ్చుకుని ఆ ఒక్క మాట చెరిపి, మిగిలింది రాశాను.

"ఆగు, నేనే దిగొస్త."